ఆదివారం పళ్ళసెట్లు

బుధవారం పొద్దున డాక్టరు వెనకగదిలోకి స్వయంగా వచ్చాడంటేనే ఏదో మూడిందని పళ్ళమ్మకి అర్థమైంది. మామూలుగా ఆయన అక్కడ అడుగు పెట్టడు. ప్లాస్టరు దుమ్ము ఆయన షర్టుకి పడదు. ఏం కావాలన్నా తలుపు దగ్గరే నిలబడి "అక్కా" అని కేకేస్తాడు. ఇవాళ మాత్రం లోపలికొచ్చి, ఆవిడ పనిబల్ల మీద ఒక ప్లాస్టిక్ డబ్బా పెట్టి, మూత తీసి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

డబ్బాలో ఏడు పైపళ్ళ సెట్లు. ఒక్కోదాన్నీ తడిగుడ్డలో చుట్టి, నంబరు చీటీ కట్టి పంపారు.

"వృద్ధాశ్రమం నుంచి వచ్చాయక్కా. ఏడుకి ఏడూ లూజు. నోట్లో నిలవడం లేదట. వార్డెనమ్మ ఫోన్లో నన్ను ఉతికి ఆరేసింది."

"ఏడూనా?"

"ఏడూ. అన్నీ నీ చేతిపనే!" అక్కా అంటూనే అరిచాడు. "నెలకోసారి మొదటి ఆదివారం అక్కడ బంధువుల రోజు. ఫోటోలు తీస్తారు, దాతలొస్తారు. పోయినసారి ఒకావిడ నవ్వబోతే పైసెట్టు ఒళ్ళో పడిందట. ఇంతకన్నా పరువుతక్కువ ఉంటుందా? ఈ ఆదివారానికి బిగించి ఇవ్వకపోతే వాళ్ళు వేరే క్లినిక్కు చూసుకుంటారట. అప్పుడు ఈ వెనకగది నాకెందుకో నువ్వే చెప్పు."

ఆవిడ పేరు పళ్ళమ్మ కాదు. ఆ పేరు పెట్టింది ఈ డాక్టరు వాళ్ళ నాన్న. ముప్పై ఏళ్ళుగా చుట్టుపక్కల బోసినోళ్ళన్నిటికీ పళ్ళు అమర్చేది ఆవిడే కాబట్టి, ఆవిడ చేసిన సెట్ల లాగే ఆ పేరు కూడా అతుక్కుపోయింది. మనుషుల్ని మాత్రం ఆవిడ చూడదు. నోటి అచ్చు డాక్టరు తీస్తాడు. ఆ అచ్చులో ప్లాస్టరు పోసి, తయారైన ప్లాస్టరు చిగుళ్ళ మీద మైనంతో పళ్ళు పేర్చి, గులాబీరంగు చిగురు పోసి, ఉడికించి, నునుపు చేసి ఇవ్వడం ఆవిడ పని. అందుకే రోడ్డు మీద ఎదురైతే ఎవర్నీ గుర్తుపట్టలేదుగానీ, ఆవలిస్తే పట్టేస్తుంది.

డాక్టరు వెళ్ళాక దీపం దగ్గరికి లాక్కుని మొదటి సెట్టు చేతిలోకి తీసుకుంది. తనదే. లోపలివైపు చివర తను పెట్టే చిన్న చుక్క ఉంది. రెండేళ్ళ కిందట ఎలా పంపిందో అలాగే ఉంది. మురిసిపోబోయి ఆగింది. అలాగే ఎందుకుంది? రెండేళ్ళు నమిలిన పళ్ళకి పైన అరుగుదల ఉండాలి. దవడపళ్ళ గుబ్బలు చదునవ్వాలి. టీ కాఫీల మరక సందుల్లో పసుప్పచ్చగా దిగాలి. ఎంత కడిగినా తిండి వాసన ఒక పిసరు మిగలాలి. ఆవిడ సెట్టుని ముక్కు దగ్గర పెట్టుకుంది. సబ్బు వాసన తప్ప ఇంకేం లేదు.

రెండోది చూసింది. మూడోది చూసింది. ఏడూ అంతే. కొరికిన గుర్తు ఒక్క పంటి మీదా లేదు. వాడని పళ్ళు వదులెలా అవుతాయి? పోనీ పళ్ళు మారలేదంటే, మారింది నోళ్ళే. ఏడు నోళ్ళూ ఒకేసారి మారతాయా?

"కొత్తగా అచ్చులు తీస్తేగానీ బిగించలేను," అని తలుపు దగ్గర నిలబడి ఈసారి ఆవిడే కేకేసింది.

"నాకు పేషెంట్లున్నారక్కా. నువ్వే వెళ్ళి తీసుకురా. నీకు రాని విద్యా అది?"

గురువారం పదకొండున్నరకి సంచిలో నోటి అచ్చుల ట్రేలు, అచ్చు పొడి డబ్బా, కలిపే గిన్నె సర్దుకుని ఆశ్రమానికి వెళ్ళింది. రెండంతస్తుల మేడ. గేటు దగ్గర పూలకుండీలు, తళతళలాడే గచ్చు, అద్దాల్లాంటి కిటికీలు. వంక పెట్టడానికి ఏమీ లేదు. లోపల కొన్ని అడుగులు వేశాక ఏదో లోటుగా తోచి, వాకిట్లో వస్తువు మర్చిపోయినట్టు ఆగింది. కాసేపటికి తట్టింది. పన్నెండు కావస్తోంది, ముప్పైమంది ఉండే ఇల్లు, ఎక్కడా వంట వాసన లేదు.

హాల్లో గోడ వెంబడి కుర్చీలు. కుర్చీల్లో ముసలివాళ్ళు. బుగ్గలు లోపలికి పోయి, ముక్కూ గడ్డం దగ్గరికి వచ్చేసి అందరిదీ ఒకటే మొహంలా ఉంది. ఆడెవరో మగెవరో బట్టల్ని బట్టి చెప్పుకోవాలి. ఎవరూ మాట్లాడుకోవడం లేదు. ఆవిడ సంచి కింద పెట్టి జిప్పు లాగింది. ఆ చప్పుడుకి అన్ని తలలూ ఒక్కసారిగా ఇటు తిరిగాయి. మొహాలు చూడలేదు వాళ్ళు. సంచినే చూశారు.

"రండి రండి," అంటూ వార్డెనమ్మ ఎదురొచ్చింది. మెత్తటి మనిషి, మెత్తటి గొంతు. పళ్ళమ్మ చెయ్యి పట్టుకుని మరీ తీసుకెళ్ళి, మెట్లకింద ఉన్న అద్దాల బీరువా చూపించింది. తాళం వేసి ఉంది. అరల్లో వరసగా గాజు గ్లాసులు, గ్లాసుల్లో నీళ్ళు, నీళ్ళల్లో ఆ ఏడుగురి కిందిపళ్ళ సెట్లు. ఆ ఇంట్లో నవ్వుతున్నవి అవొక్కటే.

"ఇక్కడ పెట్టారేంటండీ? తినేటప్పుడు వాళ్ళకి కావాలిగా?"

"రెండేళ్ళ కిందట, ఈ సెట్లొచ్చిన వారంలోనే, ఒకాయనకి ముద్ద గొంతులో అడ్డం పడిందండీ. మా చేతుల్లోనే పోయాడు. ముప్పైమందికి ముగ్గురు ఆయాలు. ఒక్కొక్కరు నమిలి మింగేదాకా పక్కన కూర్చోవాలంటే అయ్యే పనేనా? అప్పట్నుంచీ జావే. పావుగంటలో అందరికీ అయిపోతుంది, ఏ గొడవా ఉండదు. బంధువుల రోజున మాత్రం పళ్ళు పెడతాం, మంచి భోజనం పెడతాం. పారేసుకోకుండా సాయంత్రం ఐదింటికి తీసి దాచేస్తాం." వార్డెనమ్మ గొంతు తగ్గించింది. "అన్నట్టు, ఆకలేస్తోందని ఎవరైనా అంటే పట్టించుకోకండేం. తాగింది తాగినట్టే మర్చిపోతారు. వయసు."

చెప్పడంలో దాపరికం ఏమీ లేదు. తను మంచిపనే చేస్తున్నానన్న నమ్మకం ఆ మొహం నిండా ఉంది. అదే చూసి పళ్ళమ్మకి భయం వేసింది.

బల్ల వేయించుకుని పొడి కలపడం మొదలుపెట్టింది. నీళ్ళు తగలగానే పొడి గులాబీరంగు ముద్దగా మారింది. పేషెంట్లకి వికారం పుట్టకుండా దాంట్లో స్ట్రాబెర్రీ వాసన కలిపి అమ్ముతారు. ఆ వాసన హాలంతా పాకింది. కుర్చీలు కిర్రుమన్నాయి.

మొదట కూర్చున్నాయన ఒకప్పుడు బస్సు నడిపేవాడట, డ్రైవరు తాత అంటారు. ముద్ద నింపిన ట్రే నోట్లో పెట్టి, "రెండు నిమిషాలు కదలకండి తాతా," అంది. తాత కదల్లేదు. గొంతు మాత్రం కదిలింది. ఒకసారి, రెండుసార్లు. పళ్ళమ్మ వేళ్ళకింద ట్రే లోపలికి లాగుతోంది. ఆయన చప్పరిస్తున్నాడు! "మింగకూడదు తాతా! ఇది తినేది కాదు!" అంటూ బుగ్గలు నొక్కి ట్రే బయటికి లాగింది. ట్రే వెనకభాగం ఖాళీ. అక్కడుండాల్సిన ముద్ద ఆయన కడుపులోకి పోయింది. తాత కళ్ళు మూసుకుని పెదవులు నాక్కున్నాడు. తర్వాత సిగ్గుపడి, చొక్కా గుండీ సరిచేసుకున్నాడు.

ఇంకో ముద్ద కలిపి, ఈసారి గట్టిగా పట్టుకుని తీసింది. రెండో ఆవిడది తీసింది, మూడో ఆవిడది తీసింది. నాలుగో మనిషి కూర్చుని నోరు తెరిచాక చూస్తే, ఆయన డ్రైవరు తాతే.

"మీదైపోయింది తాతా."

తాత నోరు ముయ్యలేదు. పళ్ళమ్మ తలెత్తింది. బల్ల ముందు వరస కట్టి ఉన్నారు. జాబితాలో ఏడుగురు. వరసలో పదకొండుమంది. అచ్చు ఇచ్చేసినవాళ్ళున్నారు, అసలు సెట్టే లేనివాళ్ళున్నారు. తోసుకోవడం లేదు, అడగడం లేదు. నోళ్ళు తెరుచుకుని, ఓపిగ్గా, వంతు కోసం నిలబడ్డారు. వాళ్ళలో ఒకావిడ ముందుకొంగి మెల్లగా, "నాకు కొంచెం ఎక్కువ పెట్టమ్మా," అంది.

పళ్ళమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. ముప్పై ఏళ్ళలో ఎన్ని ప్లాస్టరు నోళ్ళు చూసిందో లెక్కలేదుగానీ, తెరిచిన నోరు చూసి కళ్ళు తిప్పుకోవడం అదే మొదలు. సంచిలో మధ్యాహ్నానికి తెచ్చుకున్న రొట్టెలు రెండున్నాయి. తీయబోయింది. దూరం నుంచి వార్డెనమ్మ నవ్వుతూ వేలు అడ్డంగా ఊపింది.

జాబితాలో చివరావిడ ఏడోనంబరు. ఆవిణ్ణి అక్కడ టైలరమ్మ అంటారు. అచ్చు తీయడం అయ్యాక కుర్చీలోంచి లేవలేదు. పళ్ళు లేక మాటలు పెదవుల మధ్య జారిపోతుంటే, పళ్ళమ్మ చెవి దగ్గరగా పెట్టి వినాల్సొచ్చింది.

"ఆ సెట్లు నువ్వేనా చేసింది?"

"నేనే పెద్దమ్మా."

"మంచి పని. చేతిపని ఎలాంటిదో నాకు తెలుస్తుందిలే. నలభై ఏళ్ళు బట్టలు కుట్టినదాన్ని." టైలరమ్మ తన గౌను పక్క అంచు తిరగేసి చూపించింది. లోపల నాలుగు వరసల కుట్లు, ఒకదాని పక్కన ఒకటి, సన్నగా, తిన్నగా. "వదులైనప్పుడల్లా లోపలికి ఒక కుట్టు. ఇది చలికాలంలో వేశాను. ఇది ఎండల్లో. ఇది పోయిన నెల. ఇదిగో, ఇది మొన్న."

"సరిగ్గా తినిపించరా పెద్దమ్మా?"

"పోస్తారు. తినిపించరు." వార్డెనమ్మ ఎక్కడుందో ఒకసారి చూసుకుని, పళ్ళమ్మ మణికట్టు పట్టుకుంది. ఆ పట్టుకి బరువే లేదు. "ఒక్క పని చేసిపెట్టు అమ్మాయ్. ఈ ఆదివారం పెట్టిన పళ్ళు సాయంత్రం ఊడిరాకూడదు. వాళ్ళు లాగినా రాకూడదు. నోట్లో పళ్ళుంటే జావ పొయ్యడానికి సాకుండదు. అందరి ముందూ లాగలేక వదిలేస్తారు."

"అంత బిగిస్తే నొప్పి పుడుతుంది. చిగుళ్ళు ఒరుసుకుపోతాయి."

"ఒరుసుకుపోనీ," అంది టైలరమ్మ.

శుక్రవారం పొద్దున కొత్త ప్లాస్టరు నోళ్ళు ఏడూ ఆరాయి. వెనకగదిలో గోడంతా అరలే, పాత అచ్చులు నంబర్లవారీగా దాచిపెట్టి ఉంటాయి. పళ్ళమ్మ ఆ ఏడుగురి పాత అచ్చులూ దించి, కొత్తవాటి పక్కన పెట్టింది. పాతవాటిలో చిగుళ్ళ గట్టు చూపుడువేలంత లావున ఎత్తుగా ఉంది. కొత్తవాటిలో గట్టు కరిగిపోయి ఉత్త గీత మిగిలింది. ఎవరిది ఏదో తెలియకపోతే ఒకే నోరని ఎవరూ అనరు. ఎదురుగా పద్నాలుగు నోళ్ళు బల్లమీద తెరుచుకుని ఉంటే, గదిలో ఎవరో ఏదో అడుగుతున్నట్టు అనిపించి, ఆవిడ లేచి ఫ్యాను కట్టేసింది.

డాక్టర్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి చూపించింది.

"వయసులో ఎముక అరుగుతుందక్కా. మామూలే."

"రెండేళ్ళలో ఇంతా?"

"ఒక్కొక్కరికి అంతే."

"ఏడుగురికీనా సార్? ఆ అచ్చు ముద్దని మింగేశారు. ఇంకొంచెం పెట్టమన్నారు."

డాక్టరు ఒక్కక్షణం ఆ అచ్చుల వంక చూశాడు. అతనికీ అర్థమైంది. అర్థమైందని పళ్ళమ్మకి తెలియకుండా ఫోను తీసి చూసుకోవడం మొదలుపెట్టాడు. "నువ్వు పళ్ళు చూడక్కా. వాళ్ళ అన్నం సంగతి చూసుకోవడానికి వేరే వాళ్ళున్నారు."

ఆ వేరే వాళ్ళెవరో కనుక్కుని ఫోన్ చేసింది కూడా. తనిఖీల ఆఫీసులో ఒకాయన మర్యాదగానే మాట్లాడాడు. ఆ ఆశ్రమానికి పోయిన నెలే శుభ్రతలో మంచి మార్కులొచ్చాయన్నాడు. ఎవరు చెప్పారు మీకు అని అడిగాడు. అక్కడుండేవాళ్ళే అంటే, "మతిమరుపు ఉన్నవాళ్ళ మాట మీద ఫిర్యాదు రాసుకోలేమండీ," అన్నాడు.

ఫోను పెట్టేసింది. కోపం వస్తే పళ్ళమ్మ పని చేస్తుంది, ఇంకోటి చేతకాదు. కొత్త నోళ్ళకి సరిపోయేలా మళ్ళీ చిగురు పోయడానికి సెట్ల లోపలివైపు గీకింది. అప్పుడు చిన్న చాకు తీసి, మొదటి ప్లాస్టరు నోటి అంగిలి చివర, మెత్తటి కండ మొదలయ్యే చోట, ఈ పక్కనుంచి ఆ పక్కకి సన్నటి గాడి గీసింది. చిగురు పోసినప్పుడు ఆ గాడి నిండి, సెట్టు అంచు అంత మేరకు కండలోకి దిగి గాలి చొరకుండా పట్టేస్తుంది. మామూలుగా ఒక్క గీతే. ఎక్కువ లోతైతే మనిషికి నరకం. ఆవిడ చాకు ఎత్తి పట్టుకుని ఆలోచించింది. లోతెక్కువైందని తెలిస్తే పని పోతుంది, పేరూ పోతుంది. యాభై దాటాక ఇంకో వెనకగది ఎవరిస్తారు? చాకు దించి అదే గీత మీద రెండోసారి లాగింది. ఏడింటికీ అలాగే లాగింది.

శనివారం సెట్లు పంపలేదు. నోట్లో పెట్టి సరిచూడాలని చెప్పి ఆదివారం పొద్దున తనే పట్టుకెళ్ళింది.

ఒక్కొక్కరికీ పైసెట్టు పెట్టి, బొటనవేళ్ళతో అంగిలికి నొక్కి పట్టుకుంది. చిన్న చప్పుడుతో పట్టు దొరికేది. డ్రైవరు తాత కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నా బస్సు బ్రేకు కూడా ఇంత గట్టిగా పట్టలేదమ్మా," అన్నాడు. అంతే, ఆయన గొంతు అదని ఆశ్రమంలో చాలామందికి ఆ రోజే తెలిసింది. నలిగిపోయిన మాటలు గుండ్రంగా బయటికొచ్చాయి. బుగ్గలు పైకి లేచాయి. మొన్నటిదాకా ఒకే మొహంలా ఉన్నవాళ్ళు ఏడుగురూ ఏడు మొహాలయ్యారు. ఎక్కడికో పోయి తిరిగొచ్చినవాళ్ళలా ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు.

పెదవులు మూసి బుగ్గల నిండా గాలి పూరిస్తే పట్టు సడలుతుందని ఒక్కొక్కరి చెవిలో చెప్పింది. "మీకు కావాలనుకున్నప్పుడే. వాళ్ళు అడిగితే చెప్పొద్దు."

పదకొండుకి బంధువులొచ్చారు. మధ్యాహ్నం అన్నం, కూర, వేయించిన చేప, కోసిన పండ్లు పెట్టారు. అంత తిండి చూసి ఏడుగురూ మీద పడతారనుకుంది పళ్ళమ్మ. పడలేదు. నాలుగు ముద్దలకే కడుపు పట్టేసి ఆగిపోయారు. మిగిలింది రుమాళ్ళలో చుట్టుకుని ఒళ్ళో పెట్టుకున్నారు. ఫోటోలు తీశారు. అందరూ పళ్ళు కనపడేలా నవ్వారు. వార్డెనమ్మ పళ్ళమ్మ భుజం తట్టి, "ఈసారి బ్రహ్మాండంగా కుదిరాయి," అంది.

ఐదు కొట్టింది. బంధువులు సంచులు భుజాన వేసుకుని లేస్తున్నారు. ఆయా ఖాళీ గ్లాసులున్న ట్రేతో వరస మొదట్లో నిలబడింది.

"నోరు తెరవండమ్మా."

టైలరమ్మ తెరవలేదు. పెదవులు బిగించి ఎదురుగోడ వంక చూస్తూ కూర్చుంది. ఆయా వేలు దూర్చి లాగింది. రాలేదు. ఇంకొంచెం గట్టిగా లాగింది. టైలరమ్మ తలంతా ముందుకొచ్చిందిగానీ సెట్టు రాలేదు. పక్కాయన దగ్గరికి వెళ్ళింది. ఆయన ముందే మూసేసుకున్నాడు. ఆ పక్కావిడా అంతే. ఏడు నోళ్ళూ మూతబడి ఉన్నాయి. ఎవరూ ఆయా వంక చూడటం లేదు. సెట్లు లేని మిగతావాళ్ళు కూడా, ఎవరు చెప్పారో ఏమో, పెదవులు బిగించి కూర్చున్నారు. వెళ్ళొస్తామని చెప్పడానికి వంగినవాళ్ళు వంగినట్టే ఆగిపోయారు.

వార్డెనమ్మ పరుగున వచ్చింది. నవ్వు ఇంకా మొహం మీదే ఉంది. "చిన్నపిల్లల మంకుతనం! ఏంటి ఇది? తెరవండి." తనూ లాగి చూసింది. పళ్ళమ్మ వైపు తిరిగింది. ఇప్పుడు నవ్వు లేదు. "ఏం చేశావ్ నువ్వు? ఇప్పుడే మీ డాక్టరుకి ఫోన్ చేస్తున్నా."

"చేసుకోండి," అంది పళ్ళమ్మ.

"ఉండనివ్వండమ్మా, ఎందుకంత బలవంతం?" అంది టైలరమ్మ చెల్లెలు. ఆవిడకీ డెబ్బై దగ్గర. ప్రతి నెలా బస్సులో రెండు గంటలు ప్రయాణం చేసి వస్తుంది. "రాత్రి భోజనానికి కావాలిగా వాళ్ళకి."

ఆయాకి అబద్ధం చెప్పాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు పాపం. "రాత్రి జావేగదండీ," అంది. "పళ్ళతో పనేంటి?"

"రాత్రికి సరే. రేపు మధ్యాహ్నానికో?"

"రేపూ జావే. రోజూ జావే. పళ్ళు మళ్ళీ బంధువుల రోజుకే తీస్తాం."

భుజాల మీద సంచులు కదల్లేదు. వార్డెనమ్మ చప్పున అందుకుంది. "వీళ్ళ మంచికేనండీ. కడుపునిండా పోస్తున్నాం. తాగిన సంగతి వీళ్ళకి గుర్తుండదు, అదొక్కటే ఇబ్బంది."

అప్పుడు తెరిచింది నోరు టైలరమ్మ. కత్తెరతో గుడ్డ కోసినట్టు మాట తిన్నగా, శుభ్రంగా హాలు చివరిదాకా వెళ్ళింది.

"పొద్దున ఏడింటికి ఒక గ్లాసు. మధ్యాహ్నం పన్నెండింటికి ఒక గ్లాసు. సాయంత్రం ఆరింటికి ఒక గ్లాసు. నేనేమైనా మర్చిపోయానా మేడమ్?"

"ఆరింటిది సగం గ్లాసు," అన్నాడు డ్రైవరు తాత.

వార్డెనమ్మ పక్కకి వెళ్ళి డాక్టరుకి ఫోన్ చేసి వచ్చింది. పళ్ళమ్మ సంచిలో ఫోను మోగుతోంది. డాక్టరే అయ్యుంటాడు. ఆవిడ తియ్యలేదు.

టైలరమ్మ చెల్లెలు అక్క ముందుకొచ్చి నిలబడింది. అక్క మెడకింద ఎముకల్ని, మణికట్టుని, గౌను అంచుని కొత్తగా చూస్తోంది.

"మరి ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదక్కా?"

"చెప్పానే," అంది టైలరమ్మ. కోపం లేదు ఆ గొంతులో. "వచ్చిన ప్రతిసారీ చెప్పాను. నువ్వు నా చెయ్యి నిమిరి, ఈ మేడమ్ మొహంలోకి చూసి నవ్వేదానివి."

చెల్లెలు భుజాన ఉన్న సంచి తీసి నేల మీద పెట్టింది.